అవ్వకు చూపించిన నవ్వుల సినిమా

అసలే చెడిపోయిన సినిమాను ఇంకా చెడగొట్టడం ఎవరివల్లా కాదనుకుంటారు మీరు. నావల్ల అయింది. ఎలాగో చెబుతాను. వింటూ నన్ను తిట్టుకున్నా అభ్యంతరం లేదు.

ఎనభైల నాటి మాట. మాది దేవరుప్పుల. బాపు పోయి ఏడాది దాటినా మా అమ్మ ముఖాన నవ్వు లేదు. అమ్మను మేం అవ్వా అని, నాన్నను బాపూ అని పిలుస్తాం. జనగామలో డిగ్రీ వెలగబెడుతున్న నేను, ఇంట్లో అన్న ఉన్నా ఆమెను నవ్వించే భారం నా ఒక్కడి నెత్తిమీదే ఉందనుకున్నాను. అప్పుడే బస్టాండు గోడమీద పోస్టరు కనబడింది. ఒకే సినిమాలో అయిదుగురు హాస్యనటులు. ఊరికే నిలబడినా జనం పడీపడీ నవ్వే రకం ఒక్కొక్కరూ.

"అవ్వా, కడుపు నొచ్చేదాక నవ్వుతవు. నాది జిమ్మ" అని పూచీ పడ్డాను.

"నాకెందుకు బిడ్డా సినిమాలు" అంది అవ్వ.

"నేనొస్త, పా వదినా" అంది మా మేనత్త. అలా ముగ్గురం బస్సెక్కి జనగామ వెళ్లి మ్యాట్నీలో కూర్చున్నాం.

ఆ దర్శకుడికి ఆ నటుల మీద ఏం కక్షో తెలియదు. ఒకరిని మూగవాణ్ణి చేశాడు. ఒకరిని మంచమెక్కించి దుప్పటి కప్పాడు. ఇంకొకరిని రెండో రీలులోనే కాశీకి పంపాడు. మిగిలిన ఇద్దరూ ఒకరిమీద ఒకరు పిండి చల్లుకుంటూనే ఉన్నారు.

"గా మంచం మీదాయనను దవాఖానకు తీస్కపోరా?" అని అవ్వ బెంగ.

"కాశీకి పోయినాయన ఎప్పుడొస్తడు?" అంది అత్త.

"వస్తడత్తా, జర ఆగు."

"నాకైతె రాడనిపిస్తాంది."

నాకు చెమటలు పట్టాయి. ఒకరు నవ్వడం మొదలుపెడితే పక్కవాళ్లకూ నవ్వొస్తుందని ఎక్కడో విన్నాను. ఇక తెరమీద ఎవరేమన్నా నవ్వేయాలని నిర్ణయించుకున్నాను. సరిగ్గా అప్పుడు ఒక పనివాడు వచ్చి, "గిదేంది దొరా, గిట్ల జేస్తిరి?" అన్నాడు. అంతే. అతను మాలాగా మాట్లాడటమే హాస్యమని ఆ సినిమావాళ్ల లెక్క. నేను కుర్చీ చేతులు చరుస్తూ విరగబడి నవ్వాను. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వాళ్లెవరూ నవ్వడం లేదు.

అవ్వ మెల్లగా అడిగింది. "గాయిన తప్పేమన్నడు బిడ్డా?"

"ఏం లేదవ్వా."

"మంచిగనే అడిగిండు గద."

ఇంటికి రాగానే అన్న ఎదురొచ్చి, "సినిమా ఎట్లున్నదే అవ్వా?" అన్నాడు.

"నేనెట్ల మాట్లాడతనో సినిమల సూపిచ్చిండ్రు" అంది అవ్వ కాళ్లు కడుక్కుంటూ. "తమ్ముడు మస్తు నవ్విండు."

ఆమె కోపంగా అని ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ తరువాత చాలాకాలం నా స్నేహితులు ఇంటికొస్తే అవ్వ మంచినీళ్లిచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా లోపలికి పోయేది. ఆ సినిమా అయిదుగురి నోళ్లు మూయించింది, నేను ఆరో నోరు మూయించాను.

అందుకే కురవి వీరభద్రస్వామి సాక్షిగా చెబుతున్నాను. కాశీకి పోయిన ఆ నటుడు తిరిగొచ్చి నా ఎదుట పిల్లిమొగ్గలు వేసినా సరే, పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోకుండా ఇక నవ్వను.