తడి పత్తి అమ్మనివ్వని మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని నేను పనిచేసే కాలేజీకి ట్రంకాల్ వచ్చింది. చేసింది మా చిన్నాన్న. ఫోన్లో బాగానే ఏడ్చాడు. పెద్దకర్మ నాడు అంతకన్నా బాగా మాట్లాడాడు. "మా వదిన నోట్లో నాలుక లేని మనిషండీ. ఏనాడూ నాకు ఎదురు చెప్పలేదు" అన్నాడు. ఊరంతా తల ఊపింది. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ వీపు నిమిరింది.

ఆ నోట్లో ఎంత నాలుక ఉండేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ మా పెదనాన్న భార్య. ఆయన త్వరగా పోతే, మార్టూరు దగ్గర మా పల్లెలో చిన్నాన్నతో కలిసి పత్తి, మిరప పండించింది. నూలు చీర తప్ప కట్టేది కాదు. నేను నైలెక్స్ చీర కట్టుకుని వెళితే ఎగాదిగా చూసి, "చెమట పీల్చని గుడ్డా, కన్నీళ్లు తుడవని చుట్టమూ ఒకటేనే" అనేది.

నాలుగైదేళ్ల కిందట, నేను సెలవులకు వెళ్లినప్పుడు పత్తంతా కొట్టుగదిలో కుప్ప పోసి ఉంది. మర్నాడు లారీ వస్తుందనగా చిన్నాన్న ఆ కుప్ప మీద బిందెలతో నీళ్లు చల్లించాడు, తూకం పెరగడానికి. పెద్దమ్మకు చెప్పలేదు. ఆయన తెలివి అంతవరకే. పత్తి నీళ్లను ఇట్టే తాగుతుంది, తిరిగి వదలడానికి మాత్రం రోజులు పడతాయి. ఆ రోజే ముసురు పట్టింది. లారీ రాలేదు. ముసురు గాలి తగిలి కుప్ప మరింత చెమ్మగిల్లింది.

ముసురు తెరిపిచ్చాక పెద్దమ్మ గది తలుపు తీసింది. పులిసిన వాసన కొట్టింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి, చటుక్కున వెనక్కి తీసుకుంది. లోపల ఉడుకుతోంది. పిడికిట్లోకి వచ్చిన పత్తి పసుపుపచ్చగా ఉంది. గంప తీసుకుని పత్తిని డాబా మీదికి మోసి ఎండలో పరవడం మొదలుపెట్టింది. నేనూ అందుకున్నాను.

సగమైనా కాకముందే వ్యాపారి లారీతో దిగాడు. చిన్నాన్న మెట్ల దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"వదినా, పైన ఆరింది చాల్లే. లోపలిది ఎవరు చూస్తారు?"

"నేను చూశాను గదయ్యా."

కిందికి దిగి నేరుగా వ్యాపారి దగ్గరకు వెళ్లింది. "ఏవండీ, చెయ్యి లోపలి దాకా పెట్టి చూసుకోండి. పైన ఉన్నది పత్తి. లోపల ఉన్నది మా మరిది బుద్ధి."

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. చిన్నాన్న అరుగు మీద పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. వాళ్లలో ఒకాయన, "ఇంటి గుట్టు బజారున పెడతారా అమ్మా? సర్దుకోవాలి. అందరూ చేసేదేగా" అన్నాడు.

"అందరూ చేస్తే తిరునాళ్లవుద్దండీ, న్యాయం కాదు" అని, వాళ్ల ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చిన్నాన్న ఆ రోజే వ్యవసాయం విడదీసుకున్నాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు, శవం లేచే రోజు దాకా. ఆమెకు జ్వరమొస్తే ఊళ్లో ఒక్కరూ తొంగి చూడలేదు. పొలం కౌలుకిచ్చుకుని ఒక్కతే బతికింది. ఆ ఊరి మర్యాద అంత గొప్పది. పెద్దకర్మ భోజనాలకు మాత్రం ఒక్కరూ తప్పలేదు.

రంగు మారిన పత్తిని ఎవరూ కొనలేదు. గింజ తీయించి పరుపు కుట్టించుకుంది. వానల్లో ఆ పరుపు చెమ్మకు బరువెక్కేది. ఎండ రాగానే తానే నెత్తిన పెట్టుకుని డాబా ఎక్కించేది. "వేరేది కొనుక్కోరాదా పెద్దమ్మా" అన్నానొకసారి.

"దీంట్లో నీళ్లకు సిగ్గుందే. కాస్త ఎండ తగిలితే పోతాయి. మీ చిన్నాన్నకి అదీ లేదు."

నాకెప్పుడైనా నలుగురి మధ్య నోరు పెగిలిందంటే, అది ఆవిడ పెట్టిన భిక్షే.

మిరపకాయలు తుంచి తుంచి పెద్దమ్మ అరచేతులు మొద్దుబారిపోయాయి, తడీ పొడీ తెలిసేది కాదు. అందుకని పొద్దు వాలే వేళ పిట్టగోడ మీద ఆరేసిన పరుపుకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడేది.