బావ మీద పడ్డ వన్స్ మోర్

సూర్యాపేట నాటకాల పందిట్లో ఆ ఆదివారం "వన్స్ మోర్" అని అరిచింది నేనే. ఆ సంగతి ఏళ్ల తరబడి దాచాను.

రజాకార్ల గోల సద్దుమణిగిన కొత్తలో మా అక్క భర్త శనివారం శనివారం మిర్యాలగూడ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. ఆ రెండు రోజులూ తిండి, నాటకాలు. బజ్జీలు నచ్చినా, పద్యం నచ్చినా చెయ్యెత్తి "వన్స్ మోర్!" అనేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతే. బజ్జీలూ మళ్లీ వచ్చేవి, పద్యమూ మళ్లీ వచ్చేది.

ఆ రోజు రాజు వేషగాడు ఆఖరి పద్యం పాడి ప్రాణం విడిచాడు. బావ కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను సరదాకి అరిచాను. చచ్చిన రాజు లేచి, మళ్లీ పాడి, మళ్లీ చచ్చాడు. పందిరంతా ఒకటే నవ్వు. నాటకం పాడైందని పెద్దలు నేరుగా బావ మీదికే వచ్చారు.

"నీకు సావు గూడ తమాషానే? లే, బయటికి నడువు!"

"నేను గాదయ్యా," అన్నాడు బావ. ఎవరు నమ్ముతారు? నేను నోట్లో బజ్జీ కుక్కుకున్నాను. ఆ తర్వాత బావ ఏ నాటకానికీ రాలేదు.

మొన్న కోదాడలో బజ్జీల బండి దగ్గర చెప్పేశాను. "బావా, ఆనాడు అరిసింది నేనే. తప్పయింది, మాఫ్ చెయ్యి."

బావ నోట్లోది నిదానంగా నమిలి మింగి, చెయ్యెత్తాడు. "వన్స్ మోర్!"

బండి చుట్టూ నిలబడ్డ వాళ్లందరికీ వినబడేలా మళ్లీ చెప్పాను.