పీరు దిగని చేతులు

కొత్తకోట నుంచి దేవరకొండ పక్కనున్న ఆ పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో ఖాతూన్‌కు అత్తగారింటిని చూసి గర్వంగా ఉండేది. ఉన్నది రెండు గదుల ఇల్లూ, ఒక కుట్టుమిషనూ. అయినా మొహర్రం నెలవంక కనబడిందంటే ఊరంతా ఆ గడపకే వచ్చేది. పీర్ల కొట్టంలోని పెద్దపీరును, పట్టుగుడ్డలు చుట్టిన ఆ లోహపు హస్తాన్ని, ఎత్తే హక్కు ఆ ఇంటిదే. మామ చోటే మియా పీరును భుజానికెత్తుకుంటే చేతులూ మెడా వాటంతటవే ఎగిరెగిరి పడేవి. డప్పులు ఆగినా ఆయన ఆగేవాడు కాదు. హిందువులూ తురకలూ అన్న తేడా లేకుండా తల్లులు తమ పసిపిల్లలను తెచ్చి ఆయన కాళ్ళ ముందు పడుకోబెట్టేవారు.

పండుగ వెళ్ళిపోయాక కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. "ఇంక పీరు దిగలే" అనేవారు జనం, దండం పెట్టి మరీ. చివరికి మెతుకు గొంతుకు అడ్డంపడి ఆయన చనిపోతే పీరే తీసుకుపోయిందన్నారు. ఊరి భక్తికేం పోయింది, ఊగేవి వాళ్ళ చేతులు కావు కదా.

ఆ తర్వాత పీరు ఖాతూన్ భర్త ఖుద్దూస్ భుజానికి వచ్చింది. ఖుద్దూస్ మంచి దర్జీ, నెమ్మదైన మనిషి. పీరునెత్తి ఏళ్ళు గడిచినా చెట్టులాగే నిలబడేవాడు. ఊరు చిన్నబుచ్చుకుంది. తర్వాత ఒక పండుగనాడు ఉన్నట్టుండి అతని ఎడమ భుజం ఎగిరింది, వేళ్ళు వణికాయి, మెడ వెనక్కి తిరిగింది. జనం కేకలు వేశారు. ఖాతూన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటింటికీ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీదముద్దలు పంచింది. తర్వాతి కాలంలో ఆ ముద్దలు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే అసహ్యం కలిగేది.

మరుసటి ఏడు ఖుద్దూస్ కుట్టు వంకర పోయింది. ఎన్నడూ గట్టిగా మాట్లాడనివాడు కత్తెర విసిరికొట్టడం నేర్చాడు. సాసర్లో చాయ్ పోసిస్తే సగం చాప మీదే పడేది. ఖాతూన్ సాసర్లు అటక మీద పెట్టేసి, స్టీలు గ్లాసులో సగమే పోసి ఇవ్వసాగింది. ఆ గ్లాసు అతనిదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం అతను అరుగు మీద నిద్రపోయాడు. పక్కన బియ్యం ఏరుతున్న ఖాతూన్ చేయి ఆగిపోయింది. ఖుద్దూస్ ఒళ్ళంతా నిశ్చలంగా ఉంది. వేలు కూడా కదలడం లేదు. లేచి కూర్చోగానే మళ్ళీ మొదలు. పీరుకు కూడా నిద్ర వస్తుందా అని ఆమెకు మొదటిసారి అనుమానం పుట్టింది. ఊరి మాట కాదని భర్తను బస్సెక్కించి పట్నం దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరు చాలాసేపు ఖుద్దూస్‌ను నడిపించి చూశాడు. తండ్రి సంగతి అడిగాడు. "ఇది పీరూ కాదు, గాలీ ధూళీ కాదమ్మా. మెదడు జబ్బు. తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది" అన్నాడు.

"నాకొక్కడే కొడుకు సారూ. వానికి గూడ వస్తదా?"

"బొమ్మా బొరుసూ అనుకో. రావచ్చు, రాకపోవచ్చు. వచ్చేదాకా తెలియదు."

అది 1993. ఆ ఏడే ఎక్కడో సముద్రాల అవతల ఈ జబ్బుకు మూలమైన జన్యువు శాస్త్రజ్ఞులకు దొరికింది. ఆ ఏడాది చివరే, ఒక సన్నటి పురుగులో, జన్యువు నోరు మూయించే పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒకటి బయటపడింది. అలాంటివాటిని ఇప్పుడు మైక్రోఆర్‌ఎన్‌ఏలంటున్నారు. మెదడు కణాల్లో ఏ జన్యువు ఎంత పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో చూసుకునేవాటిలో అవీ ఉన్నాయట. ఈ జబ్బు ఉన్న మెదడులో ఆ అదుపు చెదిరిపోతుందట. పెద్ద సంగతే, కాదనను. కానీ ఇన్నేళ్ళయినా జబ్బును ఆపే మందు మాత్రం ఎవరి చేతికీ రాలేదు. ఖాతూన్‌కు ఆనాడు దక్కింది బొమ్మా బొరుసూ అన్న మాట ఒక్కటే.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. తెలిస్తే కొడుకు బషీర్‌కు పిల్లనిచ్చేదెవరు? మరుసటి ఏడు ఖుద్దూస్ పోయాడు. అప్పటి నుంచి ఆమె చూపు కొడుకు చేతుల మీదే ఉండేది. అతను బటన్ కుట్టినా, బీడీ ముట్టించినా చూసేది. తల్లి అట్లా చూడటం బషీర్‌కు చిరాకు.

నాలుగేళ్ళు పీరు కొట్టం దాటలేదు. ఐదో ఏడు ఊరి పెద్దమనిషి రామచంద్రయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"చెల్లె, పెద్దపీరు లేవక ఊరు ఊరు లెక్కలేదు. గీయేడు బషీర్‌తోని ఎత్తిద్దాం. మీ నెత్తుర్ల ఉన్నది గది."

"వానికి కుట్టుపని మస్తుగున్నదన్నా. తీరది" అంది ఖాతూన్.

"ఎందుకు తీరది? ఎత్తుత అమ్మీ. బాపు ఎత్తిండు, తాత ఎత్తిండు, నాకేమైంది?" అన్నాడు లోపలి నుంచి బషీర్.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి.

పండుగనాడు ఊరంతా బషీర్ ఊగాలని మొక్కుకుంటే, గోడవారగా నిలబడ్డ అతని తల్లి ఊగొద్దని మొక్కుకుంది. డప్పు మోగింది. బషీర్ పీరునెత్తాడు. నాలుగు అడుగులు వేసేసరికి భుజం ఎగిరింది, మెడ వెనక్కి తిరిగింది, అచ్చం తండ్రే. జనం కేకలు వేశారు. ఖాతూన్ ఇంటిదారి పట్టింది.

ఎండ నెత్తి మీదికొచ్చాక బషీర్ చెమటలు కక్కుతూ ఇంటికి వచ్చాడు. ఆమె ఎదురుపోయి అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. పీరు వచ్చిందా?"

బషీర్ నవ్వాడు. "ఏం రాలే అమ్మీ. నేనే ఊగిన. ఊగకపోతే ఊరోళ్ళు ఊకుంటరా?"

ఖాతూన్ కొడుకు చెంపలు నిమిరింది. అన్నేళ్ళలో ఆమెకు గుండెనిండా ఊపిరి ఆడింది అప్పుడే. ఆ సంతోషంలోనే అటక మీది సాసరు దించి కడిగింది.

చాయ్ కాచి తెచ్చేసరికి బషీర్ చాప మీద నిద్రపోతున్నాడు. చేతులూ కాళ్ళూ కదలడం లేదు. తృప్తిగా చూస్తూ కూర్చున్న ఆమెకు అరుగు మీద నిద్రపోయిన ఖుద్దూస్ గుర్తొచ్చాడు. నిద్రలో అతనూ ఇట్లాగే ఉండేవాడు. కొడుకును లేపబోయిన చేయి వెనక్కి తీసుకుంది. చాయ్ చల్లారిపోయింది.

కాసేపటికి బషీర్ తనంతట తానే లేచి సాసరు అందుకున్నాడు. అది చేతిలో ఊగింది. చాయ్ చాప మీద ఒలికింది.

"గంతసేపు మోసిన గద, చెయ్యి తిమ్మిరెక్కినట్టున్నది" అన్నాడు వేళ్ళు చూసుకుంటూ. వేళ్ళు ఆగలేదు.

"అవు బిడ్డా. బరువు గద" అంది ఖాతూన్. సాసరు అతని చేతిలోంచి తీసుకుంది. "జర ఆగు. మళ్ల కాచి గ్లాసుల పోస్త."

లోపలికి పోయి ఖుద్దూస్ గ్లాసు తీసి కడిగింది. చాయ్ సగమే పోసింది.