సిమెంటు ఎద్దులు

ఉరుకుందప్ప కర్నూలులోని ఒక పార్కులో పొద్దున్నుంచి గొంతుకూర్చుని కలుపు తీస్తాడు. పచ్చిక నడుమ ‘పల్లె బతుకు’ అని బోర్డు పెట్టి, కాడి కట్టిన సిమెంటు ఎద్దుల జతను నిలబెట్టారు. జనం వాటి వీపులెక్కి ఫోటోలు దిగుతుంటారు. అతను మాత్రం పీకిన గరికలో పిడికెడు తెచ్చి వాటి మూతుల ముందు వేస్తాడు. తినవని తెలియక కాదు. పోయిన కరువులో తన జతను ఎమ్మిగనూరు సంతలో అమ్ముకుని వచ్చినవాడు. పచ్చిగడ్డి చేతికొస్తే చెయ్యి అటే పోతుంది.

ఏరువాక పున్నమినాడు తెల్లవారగానే ఆ ఎద్దులను కడిగి, కొమ్ములకు ఎర్రరంగు పూసి, నుదుట బొట్లు పెట్టాడు. సూపర్‌వైజర్ రంగనాథ్ వచ్చి చూశాడు.

“ఏమప్పా, ఎవుర్ని అడిగి పూస్తివి? ఇవి చూసేకి పెట్టినవి, పూజలు చేసేకి కాదు.”

“పండగపూట కొమ్ములు బోసిగా ఉండాయి సార్. చూసి ఊరకుండేకి మనసొప్పలేదు.”

“సాయంత్రం పెద్దసారు వస్తాడు. ఆలోపల గీకెయ్.”

ఉరుకుందప్ప ఇనుప బ్రష్షుతో గీకాడు. రంగుతోపాటు కొమ్ముల సిమెంటూ పొట్టుపొట్టుగా రాలింది. ఇకమీదట ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టమన్నాడు రంగనాథ్. గుంజలు పాతి, ఎద్దును కట్టేసే ముడే వేశాడు. సాయంత్రం జనం ఆ తాడు దాటి, ఎప్పటిలాగే వీపులెక్కి ఫోటోలు దిగారు. రంగనాథ్ చూసి కూడా తన దారిన తాను పోయాడు. ఉరుకుందప్ప ఆనాటి గరికనంతా గంపకెత్తుకుని, ఎద్దుల పక్కనుంచే చెత్తకుప్పకు మోసుకుపోయాడు.