రెండు బటన్ల మధ్య

కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పిల్లలు అతనికి పెట్టిన పేరు జీరో ఎర్రర్ సారు. ఏ పరికరం చేతికొచ్చినా, అది సున్నా దగ్గర సరిగ్గా నిలుస్తుందో లేదో చూడందే ప్రయోగం మొదలుపెట్టనివ్వడు. చాటుగా పెట్టిన పేరే గానీ అతని చెవిన పడకపోలేదు. పడ్డా ఏమీ అనుకోలేదు.

కూతురు పుట్టాక ఆ గుణం ముదిరింది. పాపకి తొమ్మిదో నెలలో జ్వరం వచ్చి, జ్వరంలో ఫిట్సు వచ్చింది. ఒక్కసారే. "కొందరు పిల్లలకి ఇలా అవుతుందయ్యా. మళ్ళీ రాకపోవచ్చు, కంగారుపడకు" అన్నాడు డాక్టరు. రాకపోవచ్చు అన్న మాటలోంచి అతను 'రావచ్చు' అన్నదే ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి మాటిమాటికీ పాప నుదుటి మీద చెయ్యి. నిద్రలో ఉన్నా సరే, ఎత్తుకుని మెడ దగ్గర చెంప ఆనించి చూడాల్సిందే.

"పొయ్యి మీద గిన్నె అనుకున్నారా మహానుభావా, అస్తమానం మూత తీసి చూడ్డానికి?" అనేది భార్య.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగి. సెలవు అయిపోవచ్చింది. ఇప్పుడు చేరకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. పాపని క్రెష్‌లో వదలడానికి అతను ససేమిరా అన్నాడు. చివరికి ఒక షరతు మీద మెత్తబడ్డాడు. చంటిపిల్లల చేతికి కట్టే పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. అది ఒంటి వేడిని ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటుంది. కంప్యూటరుకి తగిలిస్తే ఒక టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది, నిండా అంకెలే. ఆ ఫైలు చదివి, గీత గీసి చూపించే వెబ్ పేజీ తాను రాస్తాడు. అది పనిచేస్తే పాప క్రెష్‌కి, ఆమె ఉద్యోగానికి.

"నా ఉద్యోగం తీసుకెళ్ళి మీ పేజీ చేతిలో పెట్టారన్నమాట" అంది ఆమె. నవ్వుతూనే అంది గానీ, ఆ పూటే తెల్లకోటు ఉతికి ఆరేసుకుంది.

అతను జావాస్క్రిప్ట్ నేర్చుకుంటూ రాశాడు. పేజీ తనంతట తాను కంప్యూటరులోకి చెయ్యి పెట్టి ఫైలు తీసుకోలేదనీ, మనిషి ఎంచి ఇస్తేనే చదువుతుందనీ తెలిసినప్పుడు ముచ్చటపడ్డాడు. మర్యాద తెలిసిన చుట్టంలా గుమ్మంలోనే నిలబడుతుందే అనుకున్నాడు. తర్వాత అదే మర్యాద విసుగనిపించింది. గంటగంటకీ దానంతటదే చదివి తనకి కబురు పంపేలా చేద్దామంటే కుదరదు. క్రెష్‌లో ఎవరో ఒకరు పూనుకుని ఇవ్వాలి.

పేజీలో రెండు బటన్లు పెట్టాడు. ఒకటి 'చదువు', రెండోది 'చూపు'. ఇంట్లో ఎన్నిసార్లు నొక్కినా చక్కగా పనిచేసింది. తీరా పాపని దించే రోజు పొద్దున, షూలేసులు కట్టుకుంటుంటే ఆలోచన వచ్చింది: పిల్లల గోలలో ఉండే మనిషికి రెండు బటన్ల తికమక ఎందుకు? లేచి వెళ్ళి రెండింటి పనీ ఒకే బటన్‌కి అప్పజెప్పాడు. ప్రతిదానికీ సున్నా సరిచూసే మనిషి, దీన్ని ఒక్కసారైనా నొక్కి చూడకుండా పెన్‌డ్రైవులో వేసుకున్నాడు.

క్రెష్ ఆంటీ గట్టి మనిషి. ఫిట్సు వస్తే ఏం చెయ్యాలో అతను ముందు రోజే చెబితే, పాఠంలా తిరిగి అప్పజెప్పింది. ఇవాళ చంకలో ఒక పిల్లాడు, కాలిని చుట్టుకుని ఇంకొకడు. పాటలు పెట్టే పాత కంప్యూటరు ముందు, పిల్లల ప్లాస్టిక్ కుర్చీలో అతన్ని కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పాప పక్కనే పరుపు మీద నిద్రపోతోంది. పట్టీ విప్పి తగిలించి, ఫైలు ఎంచి, బటన్ నొక్కాడు.

'అత్యధిక వేడి: 0 డిగ్రీలు' అంది పేజీ. గీత లేదు.

ఆంటీ వంగి చూసింది. "సున్నానా? ఏం బాబూ, మాకు పాపనిచ్చారా, ఐసుముక్కనిచ్చారా?"

అతనికి నవ్వు రాలేదు. తప్పు పేజీలోనే ఉందని తెలుసు. అయినా బుద్ధికంటే ముందు చెయ్యి వెళ్ళి పాప నుదురు తడిమింది. మామూలుగానే ఉంది. పాప మూలిగి అటు తిరిగింది.

ఫోను మోగింది. భార్య.

"దుకాణం ముందున్నాను. లోపలికి వెళ్ళనా? పేజీ ఏమంటోంది?"

"ఒక్క నిమిషం ఆగు."

"వచ్చెయ్యమనేదేదో ఇప్పుడే చెప్పండి. కోటు తొడుక్కున్నాక చెబితే బావుండదు."

"ఆగమన్నానా! ఫోను పెట్టెయ్యకు."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రాసింది తెరిచి చూశాడు. ఫైలు చదవమనే వరుస, వెంటనే దాని కింద గీత గీయమనే వరుస. ఇంట్లోనూ ఇవే కదా? ఇంట్లో 'చదువు' నొక్కాక వేలు 'చూపు' దాకా వెళ్ళడానికి కాస్త పట్టేది. ఆ కాస్తలో చదవడం పూర్తయిపోయేది. ఇప్పుడా వేలు లేదు. చదవమని చెప్పీ చెప్పగానే పేజీ కింది వరుసకి దూకేసి, ఇంకా రాని అంకెల్ని అడుగుతోంది. ఏమీ రాకపోతే సున్నా అనుకోమని రాసింది తనే.

ఫైలు చదవడం అయ్యాక, అయిందని బ్రౌజరే పేజీని పిలుస్తుంది. ఆ పిలుపు దాకా ఆగాలి, అంతే. గీత గీసే వరుసని తీసి ఆ పిలుపు కింద పెట్టాడు. ఫైలు మళ్ళీ ఎంచి, బటన్ నొక్కాడు.

గీత వచ్చింది. నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా ఎక్కడా జ్వరం లేదు. కాకపోతే మధ్యమధ్య చిన్నచిన్న బుడిపెలు.

"అవేమిటి?" అంది ఆంటీ.

వాటి వేళలు చూశాడు. ఆఖరిది, పాపని గుండెకి హత్తుకుని ఇక్కడికి తెచ్చినప్పటిది. దాని ముందుది, షూ వేసుకోబోతూ ఎత్తుకుని చూసినప్పటిది. ఆ ముందుదీ అంతే. థర్మామీటరు గుండుని వేళ్ళతో పట్టుకునే పిల్లల్ని ల్యాబులో ఎంతమందిని కసిరాడో. నీళ్ళ వేడి కొలుస్తున్నావా, నీ వేడి కొలుస్తున్నావా అని.

"అవి... నేనే" అన్నాడు.

ఆంటీకి అర్థం కాలేదు. ఫోనులో భార్యకి అయింది.

"గిన్నె మూత" అంది.

"ఊఁ. నువ్వు లోపలికెళ్ళు. కోటు తొడుక్కో."

ఆంటీ పట్టీ తీసి పాప చేతికి కట్టింది. "మరి మీ పేజీకి ఫైలు ఎప్పుడెప్పుడు ఇమ్మంటారు? గంటకోసారా?"

గంటకోసారి అందామనే వచ్చాడు. "ఒళ్ళు వెచ్చబడ్డట్టు అనిపిస్తే ఇవ్వండి. నాకూ ఫోను చెయ్యండి."

"అనిపిస్తే అంటే, నా చేతికా?"

"మీ చేతికే" అనడానికి కాస్త టైము పట్టింది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. వంగి, చాపిన చెయ్యిని పాప నుదుటికి జానెడు పైన ఆపేశాడు. పాప హాయిగా నిద్రపోతోంది. ఆంటీ ఇటు చూడనట్టే చంకలో పిల్లాడి ముక్కు తుడుస్తోంది.

చెయ్యి వెనక్కి తీసుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద కూర్చుని షూలేసులు కట్టుకోవడానికి మాత్రం ఎన్నడూ పట్టనంత సేపు పట్టింది.