నెయ్యి చెప్పిన మొక్కజొన్న సంగతి

కొవ్వు ఆమ్లాల్లోని కార్బన్ ఐసోటోపులను బట్టి ఆ కొవ్వు ఎక్కడిదో, ఆవు ఏం మేసిందో తేల్చడం మా ల్యాబు పని. ఈ రోజు సరదాకి, పుంగనూరు నుంచి అమ్మ పంపిన నెయ్యిని పరీక్షకు పెట్టాను. మా ఆవు మొక్కజొన్న బాగా మేసిందని తేలింది. మేం వేసేది వరిగడ్డి, కాయలు కోసిన వేరుశనగ కట్టె మాత్రమే. మొక్కజొన్న ఉన్నది పక్క చేను మునెప్ప మామకి. మా ఆవు తన చేలో పడుతోందని ఆయన, పడదని అమ్మ గొడవపడి మాటలు మానేశారు.

అమ్మకు ఫోన్‌లో చెప్పాను.

"మునెప్పన్నకు సెప్తివా?"

"లేదుమా."

"సెప్పొద్దు. నేనే ఒక గిన్నె నెయ్యి ఇచ్చొస్తా."

సాయంత్రం మామ ఫోన్ చేశాడు. "మీ అమ్మ నెయ్యి ఇచ్చిందమ్మా, ఏం వాసన! ఆవుకు ఏం మేపుతాండారు?"

ఏం చెప్పమంటారు?