హైమావతి పేరు మీద గీసినవి

ఒంటారియోలోని నార్త్ యార్క్‌లో, సబ్‌వే స్టేషన్‌కు రెండు వీధుల అవతల, పందొమ్మిది మంది పనిచేసే ఒక డిజైన్ ఆఫీసులో హైమావతి అడ్మిన్. అడ్మిన్ అంటే ఏం చేస్తుందని అడిగితే ఆవిడ భర్త ఆంజనేయప్రసాద్ కూడా సరిగ్గా చెప్పలేడు. ప్రింటర్‌లో కాగితం అయిపోతే హైమావతి. క్లయింట్ వస్తే కాఫీకి హైమావతి. సెలవు చీటీలు, జాబ్ లెటర్లు హైమావతి. వీటన్నిటికంటే పెద్ద పని, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సులు చూసుకోవడం. ఆవిడకేమో గీత గీయడం రాదు. కాకినాడలో బీకాం చదివిన మనిషి. ఇంటి ప్లాన్ చేతికిస్తే వంటిల్లు ఎక్కడుందో కనుక్కోవడానికే అర నిమిషం పడుతుంది.

మొదట్లో లైసెన్సులు ఆఫీసు మొత్తానివి. పన్నెండు ఉండేవి. ముందు తెరిచినవాళ్లకి దొరికేది, వాళ్లు మూస్తే ఇంకొకరికి. హైమావతి ఆర్టీసీ కండక్టర్‌లా గదంతా కలయదిరుగుతూ, "భోజనానికి లేచేవాళ్లు మూసేసి లేవండి బాబూ, అవతల జనం కాచుక్కూర్చున్నారు!" అని కేకేసేది. సగం మంది మనవాళ్లే కాబట్టి తెలుగులోనే అరిచేది. మిగతా సగానికీ ఆ ఒక్క తెలుగు ముక్క వచ్చేసింది.

ఆ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లకేం బుద్ధి పుట్టిందో, ఇకమీదట లైసెన్సు ఆఫీసుకి కాదు, మనిషి పేరుకి అన్నారు. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేయకూడదు. ఆఫీసుకి వచ్చినవి పద్నాలుగు పేర్లు. అందులో ఒకటి అడ్మిన్‌ది అయి తీరాలట, గీయడం వచ్చినా రాకపోయినా. తెరమీద తన పేరు చూసుకుని హైమావతికి నవ్వొచ్చింది.

అవి విమానం దిగిన ప్రతి గుంపులోనూ పదిమంది స్టూడెంట్లు ఉండే రోజులు. రోజుకి పాతిక రెజ్యూమెలు వచ్చిపడేవి. అలా వచ్చిందే మృదుల. ఖమ్మం పిల్ల. లండన్‌లో, అదే మన ఒంటారియో లండన్‌లో, బిల్డింగ్ డ్రాయింగుల డిప్లొమా చేసి, పని దొరక్క రెండేళ్లు వేర్‌హౌసులో పెట్టెలు మోసింది. ఆ పెట్టెల పని పీఆర్‌కి, అంటే ఈ దేశంలోనే ఉండిపోయే హక్కుకి, పనికిరాదు. డ్రాఫ్టింగ్, అంటే ప్లాన్లు గీసే పని, ఏడాది చేసినట్టు ఆఫీసు లెటర్ ఇస్తేనే అప్లై చేసుకోగలదు. ఏప్రిల్‌లో చేరింది, వచ్చే ఏడు మే నెలాఖరుకి వర్క్ పర్మిట్ ఆఖరు. ఇంకో దారి లేదు.

చేరిన రోజు చూస్తే పేర్లు నిండుకున్నాయి. ఆఫీసు యజమాని సలేష్ దగ్గరికెళ్లి హైమావతి చెప్పింది. సలేష్ ముత్తాతలు ఫిజీకి వెళ్లిన తెలుగువాళ్లు. అతనికి మిగిలిన తెలుగు 'అక్కా' ఒక్కటే, తక్కినదంతా ఇంగ్లీషు. "వచ్చే మూడు నెలల్లో ఇంకో పేరు కొందాం అక్కా, అప్పటిదాకా ఎలాగో సర్దు," అన్నాడు.

సర్దడమంటే మనవాళ్లకి చెప్పాలా! ఇంట్లో ఊరికే పడున్న వస్తువు అవసరమైనవాళ్లకి ఇవ్వకపోతే మనకు మనసొప్పదు. "నాది ఊరికే పడుంది కదమ్మా, వాడుకో," అని పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసిచ్చింది హైమావతి. ఆవిడ జీవితంలో ఇంత తేలిగ్గా చేసిన సాయం ఇంకొకటి లేదు.

మూడు నెలలు గడిచాయి. హైమావతి గుర్తుచేసింది, సలేష్ తలూపాడు. ఇంకోసారి గుర్తుచేసింది. ఆ తర్వాత ఆవిడా మర్చిపోయింది. పని నడుస్తుంటే ఎవరికి గుర్తుంటుంది? మృదుల ఒక పళ్ల డాక్టరు క్లినిక్ గీసింది, ఒక డేకేర్ గీసింది, ఓ కాండో అపార్ట్‌మెంట్లలో నలభై బాత్రూములు గీసింది. ప్రతి షీటు మూలనా 'గీసినవారు: హైమావతి' అని దానంతటదే పడేది.

"ఆంటీ, పొద్దున్నుంచి మూడు మెట్లవరసలు గీశారు. అలసిపోయుంటారు, టీ తాగండి," అని ఏడిపించేది మృదుల.

"పోవే, నా నడుం పట్టేసింది," అనేది హైమావతి. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

మార్చిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి రిపోర్టు వచ్చింది. ఎవరెవరు ఎన్ని గంటలు వాడారో పేరుపేరునా ఉంది. సలేష్ పిలిచాడు.

"అక్కా, వారానికి ముప్పై ఎనిమిది గంటలు గీస్తున్నావట! ఆఫీసులో నువ్వే ఫస్టు," అని నవ్వాడు.

హైమావతి దాచలేదు. దాచాలని తోచను కూడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. సలేష్ నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు వేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. లాయరుతో మాట్లాడి రేపు చెప్తానన్నాడు.

మర్నాడు చెప్పాడు. "ఇది బయటపడితే కంపెనీవాళ్లు అందరి లైసెన్సులూ ఆపేయొచ్చట. ఆఫీసే మూతపడుతుంది. ఇకనుంచి ఆ అమ్మాయి ఫోన్లు, శాంపిల్స్ చూసుకోనీ. గీయొద్దు."

"ఏప్రిల్లో ఏడాది లెటరు ఇవ్వాలి సలేష్."

"డ్రాఫ్టింగ్ చేసిందని నేను సంతకం పెడితే, ఏ పేరు మీద చేసిందని ఇమిగ్రేషన్‌వాళ్లు అడగరూ? ఆఫీస్ అసిస్టెంట్ అని రాయి."

"ఆ లెటరు ఆ అమ్మాయికి దేనికీ పనికిరాదు."

"తెలుసు అక్కా," అన్నాడు సలేష్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఎదురు చెప్పొచ్చు కదా అంటారా? అనేవాళ్లకేం, ఎన్నయినా అంటారు. అవతల పద్దెనిమిది మంది కుర్చీలున్నాయి. అందులో తన కుర్చీ కూడా ఉంది. హైమావతికి సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా ఎక్కువసేపు నిలవలేదు. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. ఇంటికెళ్లి దొండకాయలు తరిగింది, వేయించింది, మాడ్చింది. ఆంజనేయప్రసాద్ ఏమైందని అడిగితే ఏం లేదంది. ఏడుపు రావాలి కదా అనుకుంది, రాలేదు.

మృదులకి నిజం చెప్పాలని రోజూ అనుకునేది. "కొత్త పేరు వచ్చేదాకా కొన్నాళ్లు ఫోన్లు చూడమ్మా," అని మాత్రం అంది. మృదుల సరే ఆంటీ అని నెలరోజులు ఫోన్లు ఎత్తింది. పని గురించి బెంగే పెట్టుకోలేదు. ఆంటీ ఉంది కదా అనుకుంది.

ఏడాది నిండిన సోమవారం హైమావతి లెటరు టైపు చేసింది. హోదా దగ్గర వేళ్లు ఆగుతాయేమో అనుకుంది; ఆగలేదు. సలేష్ సంతకం పెట్టాడు. తీసుకెళ్లి మృదుల చేతికిచ్చింది.

మృదుల ముందు థాంక్స్ చెప్పి, తర్వాత చదివింది. మళ్లీ చదివింది.

"ఆంటీ, ఇది వేరేవాళ్లది ఇచ్చారు నాకు."

"నీదేనమ్మా."

"ఆఫీస్ అసిస్టెంట్ అని ఉంది ఆంటీ. దీంతో అప్లై చేయలేను. వెనక్కి పొమ్మంటారు నన్ను."

సలేష్ గది తలుపు తెరిచే ఉంది.

"మరి ఆ క్లినిక్? డేకేర్? ఆ నలభై బాత్రూములు?" మృదుల లెటరు వెనక్కి తిప్పి చూసింది. "అవన్నీ ఎవరు గీశారు ఆంటీ?"

హైమావతి తెరిచున్న తలుపు వైపు చూసింది. మృదుల వైపు చూసింది.

"నేనే గీశానమ్మా," అంది.